వివేకి గారి నాలుగు నిమిషాలు

తటవర్తి పట్టాభిరామాన్ని ప్రభుత్వం వివేకవంతుడిగా నియమించిన రోజున, ఆయన భార్య శేషారత్నం ఆ ఆర్డరు కాగితాన్ని రెండుసార్లు చదివి, "ఎవరైనా సరిగ్గా విచారించారా?" అని అడిగింది.

వెటకారానికి అడగలేదు. ఇరవయ్యారేళ్ళుగా ఆయన గొడుగు ఎప్పుడు పట్టుకెళ్ళాలో, పన్ను ఎప్పుడు పీకించుకోవాలో, పెళ్ళిళ్ళలో రెండో విస్తరికి ఎప్పుడు లేవకూడదో ఆవిడే చెబుతూ వచ్చింది. తెలిసిన మనిషి కనుక అనుమానం వచ్చింది, అంతే.

ఈ నియామకానికి మూలం ఒక రొయ్యల ఫ్యాక్టరీ కేసు. కొండవరంలోని జిల్లా కార్మిక పరిహార ట్రిబ్యునల్లో, పట్టాభిరామం ముప్ఫై ఏళ్ళుగా రికార్డు గదిలో నకళ్ళు రాసే చోట, ఆ కేసు నడుస్తోంది. మరిడమ్మ అనే కార్మికురాలు పన్నెండేళ్ళు రొయ్యలు ఒలిచింది. పని మధ్యలో మరుగుదొడ్డికి వెళితే ఆరు నిమిషాల్లో తిరిగి రావాలని కంపెనీ రూలు. మరిడమ్మ వరసగా మూడుసార్లు ఆరు నిమిషాలు దాటింది. మర్నాడు గేటు దగ్గరే ఆపి, పనిలోంచి తీసేశామన్నారు. ఇంట్లో అత్తగారు, ఇద్దరు ఆడపిల్లలు, ఆవిడ ఒక్కతే సంపాదన. ఆ ఉద్యోగం తిరిగి రావాలి, అంతకంటే ఆవిడ కోరిక ఇంకేమీ లేదు.

అందరు న్యాయమూర్తుల్లాగే ట్రిబ్యునల్ చైర్మన్ దివాకరం గారికీ ఒక కొలబద్ద ఉంది. ఎవరు ఏం చేసినా, "ఇదే పరిస్థితిలో సాధారణ వివేకవంతుడైన మనిషి ఏం చేసి ఉండును?" అని తమను తాము ప్రశ్నించుకుని, తామే జవాబు చెప్పుకుని తీర్పు రాసేవారు. మరిడమ్మ తరఫు ప్లీడరు ఇందుమతి. నల్లకోటు వేసుకోక ముందు లా కాలేజీలో ఆరేళ్ళు పాఠం చెప్పింది. చట్టం గురించి ఆడవాళ్ళు రాసిన పుస్తకాలు అటక నిండేటన్ని చదివింది. ఆవిడ లేచి, "అయ్యా, ఎవరండీ ఆ మనిషి?" అంది. "ఎప్పుడైనా బిడ్డను కన్నాడా? పసిబిడ్డను చంకనేసుకుని బస్సెక్కాడా? తరాల తరబడి ఆయన్ని కొలతగా పెట్టి మమ్మల్ని కొలుస్తున్నారు. ఒక్కసారి మాకు చూపించండి."

లా కాలేజీలో అయితే ఈ మాటకు చప్పట్లు పడేవి. దివాకరం గారు మాత్రం జీవితంలో ఏ మాటనూ అక్షరం దాటి విన్నవారు కారు. "సదరు వివేకవంతుణ్ణి హాజరుపరచవలసినదిగా ప్రార్థన" అని రాసుకుని, కేసు వాయిదా వేసి, రాజధానికి ఉత్తరం పెట్టారు.

ఆ ఫైలు పదకొండు నెలలు రాజధానిలో తిని కూర్చుని, ఒళ్ళు చేసి తిరిగొచ్చింది. వెంట ఒక ఉత్తర్వు ఉంది. "ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, ప్రతి ట్రిబ్యునల్ నందును ఒక సాధారణ వివేకవంతుని పోస్టు మంజూరు చేయడమైనది. అభ్యర్థి పురుషుడై ఉండవలెను. స్త్రీలు సైతం వివేకవంతులు కావచ్చునా అను విషయము పరిశీలనలో ఉన్నది."

నలభై ఒక్క మంది దరఖాస్తు పెట్టారు. ఒకాయన కవిత్వం రాస్తాడని తీసేశారు. ఒకాయన బస్సు కండక్టరుతో పోట్లాడాడని తేలింది. ఇంకొకాయన మరీ తెలివైనవాడు, సాధారణం కాదన్నారు. పట్టాభిరామం సర్వీసు పుస్తకంలో మాత్రం ముప్ఫై ఏళ్ళకూ "విశేషములు లేవు" అన్న ఒక్క ముక్కే ఉంది. రాతపరీక్షలో 'ఇంట్లో గ్యాసు వాసన వస్తే ఏమి చేయుదురు?' అన్న ప్రశ్నకు ఆయన 'మా ఆవిణ్ణి పిలుస్తాను' అని రాశాడు. ఎంపిక సంఘం ఆ జవాబులో సమయస్ఫూర్తిని గుర్తించింది.

దాంతో పట్టాభిరామానికి కోర్టు హాల్లో చైర్మన్ గారి ఎడమ పక్కన ఒక పీట, పీట మీద కుర్చీ, చొక్కాకు ఒక బిళ్ళ వచ్చాయి. అంతా వివేకి గారూ అని పిలవడం మొదలుపెట్టారు. మొదటి కేసులో, తడిసిన గోడౌనులో జారిపడ్డ హమాలీది తప్పా, యజమానిది తప్పా అని అడిగారు. "రేపు మనవి చేసుకుంటానండి" అని, పట్టాభిరామం సాయంత్రం ఇంటికెళ్ళి గోంగూర కాడలు తుంచుతున్న భార్య ముందు కూర్చుని సంగతంతా చెప్పాడు.

"బస్తా నెత్తి మీద ఉన్నవాడికి కాళ్ళ కింద నీళ్ళెలా కనిపిస్తాయండీ?" అంది శేషారత్నం. "తుడిపించాల్సింది ఆ గోడౌను ఆయన."

మర్నాడు పట్టాభిరామం పీటెక్కి, "శిరోభారము వహించు వ్యక్తికి పాదతల దృష్టి ఉండజాలదు" అన్నాడు. దివాకరం గారికి ఒళ్ళు పులకరించింది. ఆర్నెల్లు తిరిగేసరికి కొండవరం వివేకి గారి పేరు చుట్టుపక్కల జిల్లాలకు పాకింది. మిగతా జిల్లాల వివేకవంతులు శిక్షణకు వచ్చి రహస్యం చెప్పమన్నారు. "ఏ విషయమైనా ఇంటికి తీసుకెళ్ళి ఆలోచిస్తాను" అన్నాడాయన నిజాయితీగా. వాళ్ళు అది రాసుకుని వెళ్ళారు. ఇళ్ళకు వెళ్ళాక ఏం చేశారో తెలీదు గానీ, వాళ్ళ తీర్పులూ బాగుపడ్డాయని వినికిడి.

అలా అలా మరిడమ్మ కేసు మళ్ళీ పిలుపుకొచ్చింది.

"వివేకి గారూ," అన్నారు దివాకరం గారు, "విధి నిర్వహణా సమయమున ప్రకృతి అవసరము నిమిత్తము వెళ్ళి తిరిగి వచ్చుటకు సాధారణ వివేకవంతునికి ఎంత వ్యవధి పట్టును?"

"రేపు మనవి..."

కంపెనీ ప్లీడరు కృపానందం గారు దిగ్గున లేచారు. "అయ్యా, దీనికి కూడా ఇంటికెళ్ళి ఆలోచించేవాడు వివేకవంతుడెలా అవుతాడండి? ఎవరి సంగతి వారికి తెలియదా?"

సభలో నవ్వులు లేచాయి. పట్టాభిరామం ఇరుకున పడ్డాడు. రికార్డు గదిని ఆనుకునే మరుగుదొడ్డి ఉంది. తలుపు తీసుకుని వెళ్ళడం, రావడం. "నాలుగు నిమిషాలండి" అన్నాడు.

"నాలుగు," అన్నారు కృపానందం గారు, గుమ్మపాలు తాగినంత తృప్తిగా. "మా కంపెనీ వారు ఆరిచ్చారు. రెండు నిమిషాలు కేవలం దయ."

మరిడమ్మ బోనులోంచి పట్టాభిరామం వంక చూసింది. ఆ చూపులో కోపం లేదు. "నాలుగా బాబూ? మీరు బూట్లు ఇప్పుతారా?" అని అడిగింది.

ఆ ప్రశ్నను చైర్మన్ గారు రికార్డు చేయించలేదు. ఇందుమతి మాత్రం పట్టుకుంది. వివేకి గారిని ఫ్యాక్టరీకి తీసుకెళ్ళి, అక్కడ, ఆ పనివాళ్ళ దుస్తుల్లో, ఆ దారినే పంపించి కొలవమని పిటిషన్ వేసింది. ఉత్తర్వులో పద్నాలుగో నిబంధన క్షేత్ర పరిశీలనకు అనుమతిస్తోంది కాబట్టి దివాకరం గారు కాదనలేకపోయారు.

ఆ సాయంత్రం పట్టాభిరామం ఇంట్లో సంగతి చెబుతుంటే శేషారత్నం బియ్యంలో రాళ్ళేరడం ఆపేసింది.

"నాలుగు నిమిషాలన్నారా? నన్నడగకుండానే?"

"అడగనివ్వలేదే."

"మా అక్క కూతురి పెళ్ళికి వెళ్ళినప్పుడు ఏడు గంటలు బస్సులో కూర్చున్నాం. నేను ముందు రోజు సాయంత్రం నుంచి గుక్కెడు నీళ్ళు తాగలేదు, తెలుసా మీకు?"

"ఆ రోజు ఉపవాసమన్నావు కదా."

"బస్సెక్కిన ప్రతిసారీ ఉపవాసమే అన్నాను. ఇరవయ్యారేళ్ళలో ఒక్కసారైనా ఏ దేవుడికీ అని అడిగారా?"

ఆవిడ మళ్ళీ చేట చేతిలోకి తీసుకుంది. పెళ్ళిళ్ళకీ, తీర్థాలకీ, ఆస్పత్రులకీ కలిసి చేసిన ప్రయాణాలన్నీ పట్టాభిరామానికి గుర్తుకొచ్చాయి. దారిలో బస్సాగిన ప్రతిచోటా తను దిగి, గోడ వెతుక్కుని, వేరుశనక్కాయలు కూడా కొనుక్కుని వచ్చి కూర్చునేవాడు. చచ్చేంత సిగ్గేసింది.

మర్నాడు చైర్మన్ గారి గదికెళ్ళి నిన్నటి జవాబు మార్చుకుంటానన్నాడు. "వీలుపడదు," అన్నారు దివాకరం గారు. "ముందే ఆలోచించి చెప్పేవాడినే వివేకవంతుడంటారు. చెప్పాక ఆలోచించేవాడికి వేరే పేర్లున్నాయి."

పరిశీలన రోజున కంపెనీ మేనేజరు అందరికీ కొబ్బరిబొండాలు కొట్టించాడు. మిగతావాళ్ళకు ఒక్కొక్కటి. వివేకి గారు ముఖ్య అతిథి గనుక మూడు. తర్వాత ఆయనకు టోపీ, మూతికి గుడ్డ, ప్లాస్టిక్ ఏప్రాను, మోచేతుల దాకా గ్లౌజులు, మోకాళ్ళ దాకా గమ్ బూట్లు తొడిగారు. పొడవాటి స్టీలు బల్లల ముందు మూడొందల మంది ఆడవాళ్ళు నిలబడి, ఐసులోంచి రొయ్య తీసి, తల గిల్లి, పెంకు లాగి పడేస్తున్నారు. ఐసు చలికి పట్టాభిరామం వేళ్ళు కొంకర్లు పోయాయి. పది నిమిషాలు గడిచేసరికి కొబ్బరిబొండాలు తమ పని మొదలుపెట్టాయి.

మేనేజరు చేయి చాపి, హాలు గుమ్మం పక్కనే ఉన్న తలుపు చూపించాడు. దాని మీద 'పురుషులు' అని ఉంది. ఫ్యాక్టరీలో మొత్తం పన్నెండు మంది మగవాళ్ళు.

"అటు కాదు," అంది ఇందుమతి. "ఆడవాళ్ళది ఐసు ప్లాంటు వెనక ఉంది."

"వివేకి గారు పురుషులు," అన్నారు కృపానందం గారు. "పురుషుడు స్త్రీల మరుగుదొడ్డిలోకి వెళ్ళడం నేరం. ఒక న్యాయాధికారి సమక్షంలో నేరం చేయిస్తారా?"

దివాకరం గారు కళ్ళు మూసుకుని ఆలోచించారు. తర్వాత స్టెనోను పిలిచి ఆర్డరు చెప్పారు. "ఉదయము పదకొండు గంటల పది నిమిషములు మొదలుకొని, కార్యము ముగియు వరకు, సదరు వివేకవంతుని స్త్రీగా భావించడమైనది."

"అయ్యా, అలా భావిస్తే ఆ పోస్టుకే అనర్హులవుతారు," అన్నారు కృపానందం గారు. "మూడో నిబంధన చూడండి, పురుషుడై ఉండవలెను."

"అయితే సవరించండి. దేహమును మాత్రమే స్త్రీగా భావించడమైనది. వివేకము పురుషునిదే."

"ఆ భావన ఎప్పట్నుంచి మొదలవుతుందండి? బూట్లు విప్పినప్పటి నుంచా, తలుపు దాటినప్పటి నుంచా?"

"అయ్యా," అన్నాడు పట్టాభిరామం సన్నగా.

"ఆగండి వివేకి గారూ, మీరింకా ఎవరో తేలలేదు."

చట్టం ఎంతకాలమైనా ఆగగలదు గానీ మూడు కొబ్బరిబొండాలు ఆగవు. పట్టాభిరామం కదిలాడు. స్టెనో గడియారం నొక్కాడు. దారి చూపడానికి మరిడమ్మను పక్కన నడవనిచ్చారు.

"ముందు మూతిగుడ్డ, తర్వాత టోపీ బాబూ. గ్లౌజులు ఆకర్ని. అడ్డదిడ్డంగా తీశారంటే మొత్తం మళ్ళీ మార్చమంటారు." ఏప్రాను ముడి బిగుసుకుపోయి ఉంటే ఆవిడే విప్పింది. బూట్లు విప్పి, రబ్బరు చెప్పులు వేసుకుని, ఐసు ప్లాంటు చుట్టూ తిరిగి వెళ్ళేసరికి అక్కడ ఏడుగురు ఆడవాళ్ళు వరసలో ఉన్నారు. నాలుగు దొడ్లు. ఒకదాన్నిండా ఖాళీ క్రేట్లు. రెండింటికి గడియ లేదు.

"బాబు గారిని ముందు ఎల్లనీయండే," అంది ఒకావిడ జాలిగా.

"వద్దే," అంది వరసలో చివరావిడ. "ఆయన కొలవడానికి గదా ఒచ్చారు. మనతో పాటే నిలబడాలి."

ఆయన నిలబడ్డాడు. నిలబడడమంటే ఏమిటో ఆయనకు ఆ రోజే తెలిసింది. తన వంతు వచ్చాక గడియ లేని తలుపును మరిడమ్మ బయటి నుంచి, అటు తిరిగి, పట్టుకుంది. లోపల నీళ్ళు లేవు. బకెట్టు తీసుకుని కుళాయి దగ్గరికి వెళ్ళి రావాలి. తిరిగి వచ్చాక చేతులకు సబ్బు, తర్వాత క్లోరిన్ నీళ్ళు, బూట్లు, బూట్లతో సహా హాలు గుమ్మంలోని క్లోరిన్ తొట్టిలో దిగి నడవడం, ఏప్రాను, టోపీ, మూతిగుడ్డ. తడి చేతులకు గ్లౌజులు ఎక్కలేదు.

"రోజూ ఇంతేనా అమ్మా?" అన్నాడు.

"పొద్దుట్నుంచీ నీళ్ళు తాగకపోతే ఒక్కసారి ఎల్తే సరిపోద్దండి. నాకు కిడ్నీలో రాళ్ళని, బాగా తాగమన్నాడు డాక్టరు. తాగాను. అందుకే మూడుసార్లైంది."

బల్ల దగ్గరికి చేరేసరికి ఇరవై మూడు నిమిషాలు. స్టెనో రెండుసార్లు చూసి రాసుకున్నాడు. పట్టాభిరామానికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కొంత క్లోరిన్ వల్ల, కొంత కాదు. ఇక కేసు గెలిచినట్టేనని, మరిడమ్మ రేపట్నుంచే పనిలో ఉంటుందని ఆయన మనస్ఫూర్తిగా నమ్మాడు.

వారం తర్వాత దివాకరం గారు తీర్పు చదివారు.

"సాధారణ వివేకవంతుడు తన ఆసనమున నుండి, నిండు తెలివితో, నాలుగు నిమిషములని సెలవిచ్చి ఉన్నాడు. తదుపరి ఫ్యాక్టరీయందు శ్రీ తటవర్తి పట్టాభిరామమునకు ఇరవై మూడు నిమిషములు పట్టినది. సాధారణ వివేకవంతునికి ఇరవై మూడు నిమిషములు పట్టదని అతడే చెప్పి ఉన్నందున, ఆ సమయమున శ్రీ పట్టాభిరామము సాధారణ వివేకవంతుడు కాడని రుజువైనది. కావున వారిని ఆ పదవి నుండి తొలగించడమైనది. మరిడమ్మ పిటిషను కొట్టివేయడమైనది. మరియు కంపెనీ వారు ఇచ్చుచున్న ఆరు నిమిషములకు చట్టమున ఆధారము లేదు. ఇకపై ఎల్లరును వివేకవంతుని ప్రమాణమైన నాలుగు నిమిషములనే పాటించవలెను. ఎక్కువ తీసుకొన్నను, ఇచ్చినను ధిక్కారమగును."

పట్టాభిరామం పీట మీంచి దిగకుండానే, "అయ్యా, ఇరవై మూడు నిజమండి," అన్నాడు.

"నిజం వేరు, ప్రమాణం వేరు, పట్టాభిరామం గారూ. నిజాలను బట్టి ప్రమాణాలు మార్చుకుంటూ పోతే చట్టమేం కావాలి?"

ఆ మధ్యాహ్నం ఆయన బిళ్ళ ఇచ్చేసి రికార్డు గదికి వెళుతుంటే వరండాలో ఇందుమతి, మరిడమ్మ, పది పన్నెండు మంది ఫ్యాక్టరీ ఆడవాళ్ళు కనిపించారు. ఆయనకు తలెత్తుకోవడానికి ముఖం చెల్లలేదు. ఇందుమతి పైకోర్టుకు వెళితే మూడేళ్ళు పడుతుందని వాళ్ళకు చెబుతోంది. మరిడమ్మ మూడేళ్ళు అన్న మాట దగ్గర ఆగిపోయి, గోడకు చేరగిలబడింది. కాసేపటికి, "అమ్మా, ఆ కాగితంలో నాలుగు నిమిషాల్లో రమ్మన్నారు గదా. బూట్లు ఇప్పమన్నారా?" అంది.

ఇందుమతి తీర్పంతా తిరగేసింది. "లేదు."

"సేతులు కడగమన్నారా?"

ఇందుమతి పట్టాభిరామం వైపు తిరిగింది. "మీరు చెప్పిన నాలుగు నిమిషాల్లో చేతులు కడగడం ఉందా అండీ?"

ముప్ఫై ఏళ్ళు నకళ్ళు రాసిన మనిషి. రికార్డులో ఏముందో, ఏం లేదో ఆయనకు కంఠతా వచ్చు. "రికార్డులో లేదమ్మా," అన్నాడు.

మర్నాటి నుంచి ఆ ఫ్యాక్టరీలో మూడొందల మంది ఆడవాళ్ళూ చట్టాన్ని తు.చ. తప్పకుండా పాటించారు. గ్లౌజులతో, ఏప్రానుతో, బూట్లతో పరుగున వెళ్ళడం, బూట్లతోనే పరుగున వచ్చి బల్ల ముందు నిలబడడం. సూపర్వైజరు క్లోరిన్ తొట్టి చూపిస్తే, "ఆర్డరుందండి, ధిక్కారమైపోద్ది" అనేవారు. రెండో వారంలో విదేశీ కొనుగోలుదారుల ఇన్స్పెక్టరు వచ్చాడు. హాలు గుమ్మంలో పావుగంట నిలబడి, తన పుస్తకంలో ఏదో రాసుకుని, టీ కూడా తాగకుండా వెళ్ళిపోయాడు. ఓడ ఎక్కాల్సిన సరుకంతా గోడౌనులో ఆగిపోయింది.

కృపానందం గారు రొప్పుతూ ట్రిబ్యునల్కు పరిగెత్తుకొచ్చారు. ఇరవై ఐదు నిమిషాలు ఇప్పించమని పిటిషన్. స్త్రీ దేహ ధర్మాల గురించి, ఐసు ప్లాంటు దూరం గురించి, గడియల ఆవశ్యకత గురించి ఆయన గంటసేపు కళ్ళు చెమర్చేలా వాదించారు. వింటున్న ఇందుమతి ఒక్క అభ్యంతరమూ చెప్పలేదు.

"విచారకరము," అన్నారు దివాకరం గారు. "కాని వ్యవధిని నిర్ణయించవలసినది వివేకవంతుడు. ఆ పోస్టు ప్రస్తుతము ఖాళీగా ఉన్నది. భర్తీకై రాజధానికి రాసి ఉన్నాము."

రాజధాని అంటే ఎన్ని నెలలో కృపానందం గారికి తెలుసు. అదే సాయంత్రం కంపెనీ జీపు మరిడమ్మ ఇంటి ముందు ఆగింది. ఆవిడ పనిలోకి వచ్చింది. దొడ్లలోంచి క్రేట్లు బయటికి వచ్చాయి, తలుపులకు గడియలు వచ్చాయి, లోపలికి కుళాయి వచ్చింది. ఎంతసేపైనా పర్వాలేదు, చేతులు మాత్రం కడుక్కుని రమ్మని మేనేజరు స్వయంగా బల్లల మధ్య తిరిగి బతిమాలాడు. రికార్డుల ప్రకారం మరిడమ్మ ఉద్యోగం పోయే ఉంది. ఆవిడ అది పట్టించుకోకుండా రొయ్యలు ఒలుస్తోంది.

నెల రోజుల తర్వాత ఆవిడ రికార్డు గది కిటికీ దగ్గరికి వచ్చింది.

"తీర్పు కాపీ కావాలండి, ముద్రేసి."

"ఓడిపోయిన తీర్పమ్మా అది," అన్నాడు పట్టాభిరామం. "పైకోర్టుకు వెళతారా?"

"ఎందుకండీ. మొన్న మేనేజరు బాబు మళ్ళీ గడియారం పట్టుకుని గుమ్మంలో నిలబడ్డారు. జెరాక్సు కాపీ తీసి చూపించాను. 'కోర్టు ఆర్డరు అమలు చేసెయ్యమంటారా బాబూ' అన్నాను. గడియారం జేబులో పెట్టుకుని ఎల్లిపోయారు. ముద్రున్నదైతే ఇంకా బాగా పనిచేస్తదని."

పట్టాభిరామం తీర్పు తీసి, నకలు రాయడానికి కాగితం సర్దుకున్నాడు. ఎవరినీ అడగకుండా, ఇంటికి తీసుకెళ్ళి ఆలోచించకుండా, "ఒక్కటి చాలుతుందా?" అన్నాడు.

"చాలదండి. పక్క ఫ్యాక్టరీ ఆళ్ళూ అడుగుతున్నారు."